నాలుగు మెట్లు చాలండీ

ఏమండీ, పాట కట్టే సరదా ఉందా మీకు? ఉంటే ఈ అవస్థ మీకూ తెలిసే ఉంటుంది. పల్లవి ముక్క ఒకటి నోట్లో ఆడుతుంటుంది. ఈలోగా, దీన్ని మోహనలో పెడితేనో? ఉహుఁ, హిందోళం అయితే బాగుంటుందేమో. పోనీ కీబోర్డులో ఆ వేణువు టోను ఎలా ఉందో ఓసారి చూద్దాం. అలా టోన్లన్నీ నొక్కుకుంటూ పోయేసరికి పల్లవి కాస్తా గోదాట్లో కలిసిపోతుంది. పెళ్ళి విస్తట్లో పాతిక రకాలు వడ్డించాక ఏం తిన్నామో గుర్తుండదు చూడండి, అచ్చం అలాగే.

మనసు కుదరడం లేదని దాన్ని తిట్టుకుంటాం గానీ, దాని తప్పేం లేదండీ. ముందు పెట్టినవి మరీ ఎక్కువైపోయాయి, అంతే.

మన కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి సంగతే తీసుకోండి. మీసాలు రాని వయసులోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టేశారు. 1952లో అవి ‘జనకరాగ కృతి మంజరి’గా అచ్చయ్యాయి. ఆ వయసులో అంత విద్వత్తా అని అందరూ ముక్కున వేలేసుకుంటారు. నాకు ముచ్చటేసేది మాత్రం ఆ పని వాటం. ఏ రాగం ఎంచుకోవాలా అన్న ఊగిసలాటే లేదక్కడ, అన్నీ కట్టాల్సిందే. కల్యాణి, శంకరాభరణం అంటే నోటికి పట్టినవి. కనకాంగి అలాక్కాదే! రిషభం, గాంధారం రెండూ శుద్ధమే, షడ్జమం పక్కనే ఇరుక్కుని ఉంటాయి. అవతల పంచమం పక్కన ధైవతం, నిషాదాలదీ అదే వరస. ఇలాంటి వివాది మేళాలు 72లో 40 ఉన్నాయండీ. నచ్చలేదని దాటేసే వీల్లేదు.

తర్వాత ఆయన ఇంకా బిగించారు. తానే పుట్టించిన మహతి రాగానికి స గ ప ని, ఆ నాలుగే. మీ అమ్మాయి కీబోర్డు క్లాసుకెళ్తుంటే సి సెవెన్త్ కార్డు నొక్కమనండి. ‘సి’ని షడ్జమం అనుకుంటే, మహతి స్వరాలన్నీ ఒక్కసారిగా మోగినట్టే. పిల్లలు రోజూ నొక్కి వదిలేసే ఆ నాలుగు మెట్ల దగ్గరే ఆయన బైఠాయించి కృతి లాగారు. సర్వశ్రీకి వచ్చేసరికి మూడు స్వరాలతోనే సరిపెట్టారు! ఇవి రాగాలేనా, కొత్తవేనా అని వీణ బాలచందర్ గారు పెద్ద తగువే లేవదీశారు. ఆ పంచాయితీ విద్వాంసులకి వదిలేద్దాం, మనకెందుకు.

మీరు ఈ రాత్రి ఆయనదే లవంగి రాగం పట్టి చూడండి. స రి మ ద. ఒకటో శ్రుతిలో తెల్లమెట్టు, దాని పక్క నల్లది, మధ్యమం తెల్లది, ధైవతం నల్లది. పంచమం లేదు సుమండీ! కాసేపు వేలు దానంతటదే అటు పోతుంది, వెనక్కి లాక్కురండి. ఆ తర్వాత రిషభం నుంచి మధ్యమానికి ఎలా దూకాలా అన్న ధ్యాసే తప్ప, టోన్ల ఊసు రాదు. పల్లవి దారిలో పడితే మాత్రం ఇంట్లోవాళ్ళు భోజనానికి కేకేసినా లేవకండి. పులుసు మళ్ళీ వెచ్చబెట్టుకోవచ్చు.