రెండు వందల పద్నాలుగు కోట్ల పైచిలుకు

కాస్త దగ్గరికి జరగండి, మీకో సంఖ్యను పరిచయం చేస్తాను. 2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరువందల నలభై ఏడు. నోరు తిరగడం లేదని లేచి వెళ్లిపోకండి, మనిషి మంచివాడే!

పుట్టుక చాలా తేలిక. 31 రెళ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యండి, ఇదే వస్తుంది. ఈ పద్ధతిలో పుట్టిన ప్రధాన సంఖ్యలకు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ పేరు పెట్టారు. ఎన్ని రెళ్లయితే ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో ఆయనొక జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పులని తరవాత తేలింది. 61, 89, 107 అసలు ఆయన కంటపడనే లేదు. మన 31 మాత్రం నిలబడింది.

నిలబెట్టినవాడు గణితవేత్త ఆయిలర్. 1772 నాటికి ఆయనకి చూపు దాదాపు లేదు, లెక్కలన్నీ బుర్రలోనే. మామూలుగా అయితే ఏం చెయ్యాలి? వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. వర్గమూలం 46,340 పైమాటే. ఆ లోపు దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలున్నాయి. ఆయన మాత్రం ముందు ఆలోచించాడు. దీన్ని భాగించగల ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగిలి తీరాలని తేల్చాడు. ఇందులో సగం పుణ్యం అంతకు ముందటి గణితవేత్త ఫెర్మాది. ఆ షరతుకు లొంగే ప్రధాన సంఖ్యలు వందలోపే. ఒక్కటీ దీన్ని భాగించలేదు. నాకైతే అసలు ఫలితం కన్నా ఈ తప్పించుకునే తెలివే ముద్దొస్తుంది.

మెర్సెన్ ప్రధాన సంఖ్యలన్నిటి లాగే దీనికీ ఓ జంట ఉంది. 30 రెళ్ల లబ్ధంతో దీన్ని గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే 6 లాగా, 28 లాగా, తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కలిపితే మళ్లీ తానే. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లిషు గణితవేత్త ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టరన్నాడు. కారణం? వింతే తప్ప ఉపయోగం లేదు కనక ఎవరూ వెతకరట! పాపం బార్లో. 2024లో బయటపడ్డ మెర్సెన్ ప్రధాన సంఖ్యకు నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలున్నాయి.

ఇక ఉపయోగమా? కంప్యూటర్లో 32 బిట్ల గదిలో ఒక బిట్ ప్లస్సో మైనస్సో చెప్పడానికి పోతే, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 2014లో గంగ్నమ్ స్టైల్ పాట వీక్షణలు దీన్ని దాటబోతే యూట్యూబ్ లెక్కను 64 బిట్లకు పెంచాల్సివచ్చింది.

కంప్యూటర్లలో 1970 నుంచి సెకండ్లు లెక్కపెడుతున్న యూనిక్స్ గడియారం 32 బిట్లదైతే, 2038 జనవరి 19 మంగళవారం మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకి ఈ సంఖ్యను చేరుతుంది. మరుసటి సెకండుకి మైనస్‌లోకి దొర్లి 1901 డిసెంబరు చూపిస్తుంది. కొత్త ఫోన్లు 64 బిట్లకు మారాయి, మీకు బెంగక్కర్లేదు. ఎక్కడో గోడకు బిగించి మర్చిపోయిన పాత యంత్రాల సంగతే ఎవరో ఒకరు చూసుకోవాలి.