అన్నం గిన్నె చిన్నదైంది

2022 నవంబరులో మాలో ఒకరికి షుగరు ఉన్నట్లు బయటపడింది. ఎవరికో చెప్పనక్కరలేదు, మా సంఘస్థులు బొజ్జ చూసి ముందే అన్నారు. డాక్టరుగారు మాత్రలు రాసి, "అన్నం బాగా తగ్గించండి అయ్యగారూ" అన్నారు. ఎంత తగ్గించాలో, బదులుగా ఏమి తినాలో అడగకుండానే మేము ఇంటికి వచ్చేశాము.

గోదావరి కాలువ కింద పుట్టి పెరిగినవారము. అన్నం లేని పూట మాకు పస్తుతో సమానం. అయినా పట్టుదలకు పోయి మరునాటినుండే అన్నం పూర్తిగా మానేశాము. తోటకూర, మజ్జిగ, అంతే. మాత్ర మాత్రం మామూలుగా వేశాము. మూడో నాటి సాయంత్రం గృహకూటంలో ప్రార్థన మధ్యలో ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. కొందరు అది ప్రార్థనలోని ఆవేశమనుకున్నారట! అమ్మగారు గ్రహించి పంచదార నీళ్ళు తాగించబట్టి సరిపోయింది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలట. మేము చెప్పలేదు. తప్పు మాదే.

తరువాత అందరి మాటా విని జొన్నరొట్టెలకు దిగాము. పూటకు నాలుగు. షుగరు దిగలేదు. కిరాణా కొట్టులో పిండి తూయించి చూస్తే సంగతి తెలిసింది. వంద గ్రాముల జొన్నపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. వండిన అన్నంలో వందకు 28. మా పళ్ళెంలో అన్నం అర కిలోకు తగ్గేది కాదు గనుక పూటకు 140 గ్రాములు. నాలుగు రొట్టెలకూ ఇంచుమించు అంతే! జొన్న మంచిదే గాని, లెక్క లేకుండా తింటే ఏదైనా ఒకటే.

అప్పుడు వంటే మార్చాము. క్యాబేజీ సన్నగా తరిగి పోపులో వేసి, రెండు గుడ్లు కొట్టిపోయడం మొదటి పాఠం. మొదటిసారి మూత పెట్టి ఉడికిస్తే నీరూరి జావ అయింది. మూత లేకుండా పెద్ద మంటమీద వేయించి, ఉప్పు చివర వేయాలని తరువాత తెలిసింది. పెసరట్టులో గుప్పెడు బియ్యం వేయడం మానాము. కరకరలాడదు, మొదట్లో మా పిల్లలు ముఖం చిట్లించారు. మధ్యాహ్నం ముందు బీరకాయో సొరకాయో గిన్నెడు, తరువాత చేప ముక్కలు, చివర గరిటెడు అన్నం పులుసుతో. ఈ వరుసలో తింటే కడుపు నిండి అన్నం మీదికి మనసు పోదు.

ఖర్చు మాట దాచము. రేషను బియ్యం ఉచితం, గుడ్లు కొనాలి. అందుకే పెరట్లో తోటకూర, సొరపాదు పెట్టి, నాలుగు కోళ్ళను తెచ్చాము. ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది.

అన్నిటికన్నా కష్టమైనది ఇళ్ళ దర్శనం. ఒక వృద్ధ విధవరాలు, "మా ఇంట అన్నం ముట్టరా అయ్యగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంగతి చెప్పి గరిటెడు తిన్నాము. మరుసటి నెల వెళితే సొరకాయ పెసరపప్పు వండి ఉంచింది. వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది: "అమ్మగారూ, నాకూ షుగరే. ఇది నేనూ తినవచ్చా?" ఆమెకు ఆరేళ్ళుగా షుగరు ఉందని మాకు ఆనాడే తెలిసింది. అమ్మగారు చీర కొంగు దోపుకొని ఆమె పొయ్యి దగ్గర కూర్చున్నారు.