వంగిన హ్యాండిల్, నిటారైన వెన్ను

ప్రతి వాహనమూ తనమీద ఎక్కినవానికి ఒక భంగిమను నేర్పుతుంది. ఏనుగుమీద మావటివాడు ఒక విధంగా, గుర్రంమీద రౌతు మరొక విధంగా, ఎడ్లబండిలో రైతు ఇంకొక విధంగా కూర్చుంటారు. అయితే వీటన్నింటిలోను మోసే ప్రాణి వేరు, ఎక్కినవాడు వేరు. సైకిలు సంగతి అట్లు కాదు. అక్కడ మోసేవాడూ, మోయబడేవాడూ ఒక్కడే. తన బరువును తన కాళ్లతోనే ముందుకు నెట్టుకొని పోవలసినవాడు గనుక, అతడు కూర్చున్న తీరు అతని ఉద్దేశాన్ని దాచకుండా చెప్పివేస్తుంది. పందెం గెలువదలచినవాడు నడుము వంచి, తల ముందుకు చాచి, గాలిని చీల్చుకొంటూ పోతాడు. బజారునుంచి కూరగాయలు తెచ్చుకొనేవాడు వెన్ను నిటారుగా నిలిపి, ఎదురైనవారిని పలకరిస్తూ పోతాడు. ఈ రెండు జీవిత విధానాలకు నడుమ ఉన్న భేదం, పైకి చూస్తే, ఒక లోహపు గొట్టం వంపులో ఇమిడి ఉన్నది. దానినే హ్యాండిల్ అంటాము.

పొట్టేలు కొమ్ములవలె ముందుకు సాగి, కిందికి వంగి, వెనుకకు తిరిగే హ్యాండిల్ రేసు సైకిలుకు గుర్తు. అది అలంకారం కోసం పుట్టినది కాదు. వేగం రెండింతలైతే గాలి ఎదిరించే బలం నాలుగింతలవుతుంది. ఆ గాలిని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి గాలియే ప్రధాన శత్రువు; దానికి తన శరీరం ఎంత తక్కువగా అడ్డుపడితే అంత మేలు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి గాలితో అంతటి వైరం లేదు. అతని శత్రువులు గతుకులు, ఎండ, వెనుకనుంచి హారన్ మోగించే బస్సు. అటువంటివాడు కూడ నడుము వంచి కూర్చుంటే, తాను కొనని సరుకుకు వెల చెల్లిస్తున్నాడన్నమాట. ఆ వెల చిన్నది కాదు. ముందుకు వంగినప్పుడు శరీర భారంలో కొంత అరచేతులమీదికి వస్తుంది. నేలవైపు తిరిగిన ముఖంతో దారి చూడవలెనంటే మెడను పైకెత్తి వెనుకకు విరిచి ఉంచవలెను. ఇరువది యేండ్ల మెడ దీనికి నవ్వుతూ ఒప్పుకొంటుంది. అరువది దాటిన మెడ ఒప్పుకోదు.

మన దేశంలో సైకిలు అనే మాటకు చిరకాలం నిటారుగా కూర్చునే సైకిలు అనే అర్థం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌నుంచి దిగుమతి అయిన రాలీ సైకిళ్లు ఆ తీరువే. 1951లో సోనీపత్‌లో ఆరంభమైన అట్లాస్, 1956లో లూధియానాలో ఆరంభమైన హీరో ఊరూరికీ చేర్చిన నల్లని సైకిళ్లూ ఆ తీరువే. 28 అంగుళాల చక్రాలు, గొలుసుకు పూర్తి కవచం, ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, వెనుక బలమైన కేరియరు: పోస్టుమనిషి, పాలవాడు, బడిపంతులు అందరూ ఎక్కినది దీనినే. అందువలన 1978లో అట్లాస్ వారు ఒక గేరునుంచి పది గేర్ల దాకా రకరకాల రేసు సైకిళ్లను అమ్మకానికి తెచ్చినప్పుడు, ఆనాటి యువకుల కంటికి అది యంత్రంగా కాక ఒక కొత్త కాలంగా తోచినది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు సైకిళ్లను సమకూర్చినది కూడ ఆ సంస్థయే. ఆ క్రీడలు ముగిసిన మరుసటి సంవత్సరం, కరోల్‌బాగ్ వెనుక ఒక గల్లీలో నివసించే యువ ఉపాధ్యాయుడొకడు, తన తొలి జీతాలలో మిగిల్చిన డబ్బుతో పది గేర్ల సైకిలు ఒకటి కొనుక్కొన్నాడు. పందెంలో పాల్గొనే ఉద్దేశం అతనికి ఏనాడూ లేదు. అతడు చెప్పేది హిందీ వ్యాకరణం. అయినా వంగి తొక్కినాడు, ఏలనగా ఆ వయస్సులో వంగడమే నిలబడడంవలె ఉంటుంది.

ఇటువంటి కథ ఆయనది మాత్రమే కాదు. 1970ల తొలి భాగంలో అమెరికాలో పది గేర్ల సైకిళ్లపై పెద్ద మోజు పుట్టి, 1972 మొదలు మూడేండ్లు ఏటా కోటి 30 లక్షలకు పైగా సైకిళ్లు అక్కడ అమ్ముడుపోయినవి. కొన్నవారిలో పందెగాండ్రు బహు కొద్దిమంది. మిగిలినవారు కొన్నాళ్లు నడుము నొప్పి భరించి, ఆ సైకిళ్లను కారు కొట్టాలలో గోడకు చేర్చినారు. తరువాతి తరంవారు వాటిని దుమ్ము దులిపి బయటికి తీసి చూడగా, ఉక్కు ఫ్రేములు చెక్కుచెదరక ఉన్నవి; చెడినది కూర్చునే తీరు ఒక్కటే. కొమ్ముల హ్యాండిల్ తీసివేసి, వెనుకకు వంగివచ్చే హ్యాండిల్ బిగించి, వెడల్పు టైర్లు వేసి, వాటిని తిరిగి వీధిలోకి తెచ్చే అలవాటు అట్లు పెరిగినది. 1994లో కాలిఫోర్నియాలో రివెండెల్ అనే చిన్న సైకిలు సంస్థను స్థాపించిన గ్రాంట్ పీటర్సన్, పందెగాని సామగ్రి సామాన్యునికి పనికిరాదని ఏండ్ల తరబడి వాదించి, 2012లో ‘జస్ట్ రైడ్’ అనే పుస్తకం కూడ ప్రకటించినారు. మన నల్ల సైకిలు ఏనాడూ మరువని సత్యాన్ని ఆ దేశం చుట్టు తిరిగి వచ్చి కనుగొన్నది.

కరోల్‌బాగ్ ఉపాధ్యాయునికి పుస్తకాలమీది ప్రీతి సైకిలుమీది ప్రీతికంటె పాతది. దాదాపు ముప్పదియైదు సంవత్సరాలు, ప్రతి ఆదివారం ఉదయం, ఆయన ఆరేడు కిలోమీటర్లు తొక్కి దర్యాగంజ్ కాలిబాటల మీది పాత పుస్తకాల సంతకు పోయేవారు. 2019లో ఆ సంతను అక్కడినుంచి తీసి ఢిల్లీ గేటు సమీపాన మహిళా హాట్‌లోకి మార్చినారు. ఆ సంవత్సరమే ఆయన ఉద్యోగ విరమణ చేసినారు. మెడ ఎముకల అరుగుదల వలన తల తిరుగుట కూడ అప్పుడే మొదలైనది. వంగి తొక్కరాదని వైద్యుడు ఖండితంగా చెప్పినాడు. మోకాళ్లు నొచ్చి ఎక్కువ దూరం నడవలేని మనిషికి సైకిలు పోవడమంటే ఊరు పోవడమే. ఒక్కొక్క ఆదివారమే జారిపోగా, ఆయన లోకం మేడమీది రెండు గదులకూ, ఒక వరండాకూ కుదించుకొని పోయినది. వరండాలో మేకుకు వేలాడుతూ ఆ సైకిలు ఆయనను చూస్తూ ఉండేది.

కుమారుని సలహా మరొకటి. “పాపా, దీనిని ముట్టుకోవద్దు. ఇప్పుడు పాతవాటికే విలువ. ఒక్క మర కూడ మార్చకుండా ఉంటేనే ఆ విలువ నిలుస్తుంది. చక్కగా తుడిచి ముందుగదిలో గోడకు పెడదాము,” అన్నాడు. అది ప్రేమతో చెప్పిన మాటయే. అందులో న్యాయమూ ఉన్నది. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినంనాడే, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆగిపోయినది. సోనీపత్ కర్మాగారం అంతకుముందే మూతపడినది. ఇక ఆనాటి సైకిలు మరొకటి తయారుకాదు. తిరిగి రాని వస్తువును ఉన్నది ఉన్నట్లు కాపాడవలెనని ఒక మనస్సు అంటుంది. తిరిగి రానిది గనుకనే వాడుకొనవలెనని మరొక మనస్సు అంటుంది. ఆయన కొన్నాళ్లు ఈ రెంటి నడుమ ఊగినారు. చివరకు, గోడమీది సైకిలు పటానికీ, చనిపోయినవారి పటానికీ పెద్ద భేదం లేదని తోచినదేమో, 2022 చలికాలంలో ఒకనాడు దానిని నడిపించుకొంటూ ఝండేవాలా సైకిలు బజారు పక్క సందులోని ఒక మిస్త్రీ వద్దకు పోయినారు.

మిస్త్రీ మొదట ఒప్పుకోలేదు. “మాస్టర్జీ, ఇది రేసు బండి. దీనికి పాలబండి హ్యాండిల్ తగిలిస్తే నలుగురూ నన్ను నవ్వుతారు,” అన్నాడు. మాస్టర్జీ శాంతంగా బదులు చెప్పినారు: “ఉస్తాద్, నవ్వేవారు నవ్వనీ. అయితే ఒక్క నియమం. కోయవద్దు, రంధ్రం వేయవద్దు, రంగు గీకవద్దు. తీసినది మళ్లీ పెట్టుకొనేటట్లు ఉండవలెను.” ఈ మాటతో మిస్త్రీ ముఖం మారినది. పాడుచేయడానికి వచ్చినవాడు ఇటువంటి నియమం పెట్టడని అతనికి తెలుసు.

పని వినడానికి సులభం, చేయడానికి కాదు. హ్యాండిల్‌ను మోసే మెడగొట్టం ఫోర్కు లోపల ఒక చీలతో బిగిసి ఉంటుంది. పైనున్న బోల్టును కొన్ని చుట్లు వదులుచేసి, కొయ్య సుత్తితో దానిమీద ఒక్క దెబ్బ వేస్తే చీల విడుతుంది. నలుబది ఏండ్ల తుప్పుకు అది విడలేదు. రెండు రోజులు నూనె పోసి ఊరనిచ్చినమీదట కదిలినది. ఆ గొట్టాన్ని పైకి లాగవచ్చును గాని, దానిమీద చెక్కిన హద్దు గీత బయటపడేదాకా లాగరాదు. ఆ గీత దాటితే లోపల మిగిలిన పట్టు చాలక, గొట్టం విరిగి తొక్కేవాడు ముఖం పగులగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. తరువాత హ్యాండిల్. రేసు హ్యాండిల్ చేతిపట్టు వద్ద వ్యాసం 23.8 మిల్లీమీటర్లు, వెనుకకు వంగివచ్చే మామూలు హ్యాండిల్‌కు 22.2. కంటికి ఆనని ఈ తేడావలన పాత బ్రేకు లివర్లు కొత్త హ్యాండిల్‌పై నిలువవు. కొత్త లివర్లు కొనవలెను. అందులోను ఎంపిక ఉన్నది. ఈనాటి పొడవుచేతుల బ్రేకులకు చేసిన లివరు తీగను ఎక్కువ దూరం లాగుతుంది. పాత తీరు బ్రేకుకు దానిని తగిలిస్తే వేళ్లకు గట్టిగా అనిపిస్తుందే గాని చక్రం ఆగదు. పాత బ్రేకుకు తగిన లివరు వెదకడానికి మిస్త్రీ ఒక పూటంతా బజారు తిరిగినాడు.

టైర్ల లెక్క మరింత వింతైనది. ఆ తరపు రేసు సైకిళ్ల చక్రాలకు 27 అంగుళాలని పేరు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు. పాలవాని 28 అంగుళాల చక్రానికి అది 635. పేరులో అంగుళం భేదం, ఇనుములో 5 మిల్లీమీటర్లు. అయినా ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. ఇప్పుడు సులభంగా దొరికే 700సి రిమ్ము 622. దానిని వేస్తే చుట్టూ 4 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చి కొంచెం లావు టైరుకు చోటు దొరుకుతుంది. బ్రేకు దిమ్మలను మాత్రం అంతమేర కిందికి దించుకొనవలెను. మిస్త్రీ అట్లే చేసినాడు. లావు టైరులో గాలి కొంత తక్కువగా ఉంచితే, ఢిల్లీ గతుకులు ఎముకలదాకా రావు. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా పిరుదులమీదనే పడుతుంది గనుక, సన్నని రేసు సీటు తీసి స్ప్రింగులున్న వెడల్పు సీటు పెట్టినారు. వెనుక కేరియరు వచ్చినది. అది పుస్తకాల కోసం.

హిందీ మాట్లాడే మిస్త్రీలు, ఒక భాగం తనచోట సరిగ్గా అమరితే, “బైఠ్ గయా” అంటారు. మనిషి కూర్చున్నా అదే మాట. తెలుగులో పూలు కూర్చడానికీ, మనిషి కూర్చోవడానికీ మాటలు ఇంత దగ్గరగా ఉండడం గుర్తుకు వస్తుంది. చివరి బోల్టు బిగించి, మిస్త్రీ “బైఠ్ గయా, మాస్టర్జీ” అన్నప్పుడు, అది హ్యాండిల్‌ను గూర్చి అన్నాడో, దానిని పట్టుకొని సీటుమీద కూర్చున్న మనిషిని గూర్చి అన్నాడో చెప్పలేము.

ఒక్క విషయంలో మాస్టర్జీ పట్టు విడువలేదు. గేర్లు మార్చే మీటలు ఆ సైకిలుకు ఫ్రేము కింది గొట్టంమీద ఉన్నవి. నిటారుగా కూర్చున్నవాడు వాటిని అందుకొనవలెనంటే కొంచెం వంగక తప్పదు. హ్యాండిల్‌మీదికి మార్చుతానని మిస్త్రీ అన్నా ఆయన వద్దన్నారు. ఆ మీటల స్థానం ఆయన చేతికి నలుబది ఏండ్లుగా తెలుసు. పహాడ్‌గంజ్ రైలు వంతెన ఎక్కేముందు క్షణకాలం వంగి, గేరు మార్చి, తిరిగి నిటారుగా కూర్చుంటారు. ఆ ఒక్క వంపుకు వైద్యుడు కూడ అభ్యంతరం చెప్పలేదు.

మార్పులో నష్టమే లేదనడం అసత్యం. ఎదురుగాలి వీచేనాడు నిటారైన వెన్ను తెరచాపవలె అడ్డుపడుతుంది. సీటునుంచి లేచి బలంగా తొక్కడానికి పాత హ్యాండిల్ ఇచ్చిన పట్టు కొత్తది ఇవ్వదు. ముందు చక్రంమీద బరువు తగ్గడంవలన, దిశ తిప్పేటప్పుడు సైకిలు తేలిక అయినట్లు, కొంచెం పరాయిది అయినట్లు మొదటి వారాలలో తోచినది. చౌరస్తాలోని రేసు కుర్రవాళ్లు నిజంగానే నవ్వినారు. వేగం పోయినది. అయితే ఆ వేగంతో ఆయన ఎక్కడికి పోవలసి ఉన్నది?

వచ్చినది మరొకటి. వంగి తొక్కేవాని కంటికి దొరికేది ముందు చక్రమూ, దానికి ముందు పది పదిహేను గజాల రోడ్డూ. ఆ దారిలోనే మూడు దశాబ్దాలు తొక్కినా, అజ్మేరీ గేటు పరిసరాలలో అంగళ్లపైన చెక్క కిటికీలున్న పాత మేడలు ఉన్నవని ఆయన ఇప్పుడు చూసినారు. రావిచెట్టు చీల్చుకొని వచ్చిన ఒక గోడను చూసినారు. చాయ్ దుకాణంవాడు చేయి ఎత్తితే తిరిగి చేయి ఎత్తగలిగినారు. ఆదివారం మధ్యాహ్నం కేరియరుకు కట్టిన పుస్తకాల కట్టతో ఇంటికి వచ్చినప్పుడు, మెట్లకింద సైకిలు నిలిపి, మొదట పుస్తకాలనుగాక చక్రాలను తుడుస్తారు.

పాత హ్యాండిల్‌నూ, దాని లివర్లనూ, సన్నని సీటునూ నూనె రాసి, వార్తాపత్రికలో చుట్టి, ఇనుప పెట్టెలో దాచినారు. ఫ్రేముమీద ఒక్క గీత పడలేదు. తొమ్మిదేండ్ల మనుమడు ఆ పెట్టె తెరిచి, “దాదాజీ, ఇది నాకు పనికివస్తుందా?” అని అడిగినాడు. “నీ కాళ్లు పెడళ్లకు అందిననాడు ఉస్తాద్ వద్దకు పోదాము. వంగే వయస్సులో వంగవలసినదే,” అన్నారు ఆయన.