డాకౌకు ఒక పూర్తి రోజు

మ్యూనిక్ చూడటానికి వచ్చే మనవాళ్ల పర్యటన పట్టికలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక రోజు కొండమీది నొయ్‌ష్వాన్‌స్టైన్ కోట, ఒక పూట బీఎండబ్ల్యూ మ్యూజియం, సాయంత్రం మరియన్‌ప్లాట్స్‌లో ఫొటోలు, మధ్యలో మిగిలిన పూట డాకౌ నిర్బంధ శిబిరం. అక్కడే ఎమ్మెస్ చేస్తున్న మా చెల్లెలి కొడుకు నాకోసం వేసి ఉంచిన పట్టికలోనూ అంతే. "పొద్దున్నే వెళ్లి చూసేసి వచ్చేద్దాం పెద్దమ్మా. మధ్యాహ్నం ఇంగ్లిష్ గార్డెన్‌లో కూర్చోవచ్చు" అన్నాడు. ఆ మధ్యాహ్నాన్ని కొట్టేయమన్నాను. ఆ రోజు డాకౌ తప్ప ఇంకేమీ వద్దనీ, రాత్రికి ఎవరింట్లోనూ భోజనానికి ఒప్పుకోవద్దనీ చెప్పాను.

హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నాజీ జర్మనీ పాఠం ఏటా చెప్పేదాన్ని. పిల్లలకు హిట్లర్ గుర్తుండిపోయేవాడు, అతని చేతిలో చచ్చిపోయినవాళ్లు గుర్తుండేవాళ్లు కాదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద అతని ఆత్మకథ వ్యక్తిత్వ వికాస పుస్తకాల పక్కన ఉంటుంది. బేరమాడి కొనుక్కుని సంతోషంగా వెళ్లే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. అతనికి బలైనవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే మనలో చాలామందిమి ఆన్ ఫ్రాంక్ దగ్గర ఆగిపోతాం.

డాకౌలోనూ, దాని కింద నడిచిన ఉపశిబిరాల్లోనూ 1933 నుంచి 1945 దాకా రెండు లక్షలకు పైగా మనుషులను బంధించారు. సుమారు 41,500 మంది చనిపోయారు. ఇంత పెద్ద అంకెకు ఎవరూ ఏడవలేరు. అందుకే వెళ్లేముందు రాత్రిళ్లు భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని కొందరి జీవితాలు చదువుకున్నాం. సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లకు అందులో ఉన్నది ఎవరో తెలిసి ఉండాలి కదా.

మొదట చదివింది ఆర్థర్ కాన్ గురించి. యూదు యువకుడు, మెడిసిన్ విద్యార్థి, 21 ఏళ్లు. శిబిరం 1933 మార్చి 22న మొదలైంది. మూడు వారాలకే, ఏప్రిల్ 12న, అతన్నీ మరో ముగ్గురు యూదు ఖైదీలనూ పక్కనున్న చెట్లలోకి తీసుకెళ్లి కాల్చారు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు, నాలుగో మనిషి కొద్దిరోజులకు ఆస్పత్రిలో పోయాడు. పారిపోబోతుంటే కాల్చామని కాపలావాళ్లు రాసుకున్నారు. మర్నాడు మ్యూనిక్ నుంచి యోసెఫ్ హార్టింగర్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ఒక వైద్యుణ్ని వెంటబెట్టుకుని విచారణకు వచ్చాడు. తర్వాతి వారాల్లో జరిగిన మరణాలనూ వదలకుండా సాక్ష్యాలు పోగుచేసి, చివరికి శిబిరం అధికారి మీదే హత్యాభియోగం సిద్ధం చేశాడు.

"అంటే అప్పటికింకా కోర్టులు పనిచేస్తున్నాయా?" అని మావాడు లేచి కూర్చున్నాడు.

పనిచేస్తున్నాయి. హిట్లర్ ఛాన్సలరై అప్పటికి మూడు నెలలైనా కాలేదు. చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది, కేసు పెట్టే అధికారీ ఉన్నాడు. పైవాళ్లు ఆ ఫైలును తొక్కిపెట్టారు, హార్టింగర్‌ను వేరే ఊరికి పంపారు. శిబిరం అధికారిని మార్చి టియోడోర్ ఐకె అనేవాణ్ని తెచ్చారు. అతను శిక్షలకూ కాపలాకూ రాసిన నిబంధనలే తర్వాత వచ్చిన శిబిరాలన్నిటికీ నమూనా అయ్యాయి. నా దృష్టిలో డాకౌకు వెళ్లాల్సింది ఈ ఆరంభాన్ని చూడటానికి. ఆష్విట్స్‌లో లక్షలమందిని విషవాయువుతో చంపారు. డాకౌలో అలాంటి గది కట్టారు గానీ సామూహిక హత్యలకు వాడలేదు. గ్యాస్ చాంబర్ చూద్దామని మాత్రమే వచ్చేవాళ్లు దాని ముందు పది నిమిషాలు నిలబడి వెళ్లిపోతారు. ఇలాంటివి ఎలా మొదలవుతాయో, మొదటి నెలల్లో ఎవరు అడ్డం పడ్డారో, ఎవరు తలుపు మూశారో ఇక్కడంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

బయల్దేరేముందు రాత్రి నా సంచి మార్చుకున్నాను. పెళ్లిలో తాంబూలంతో ఇచ్చిన జనపనార సంచి అది, దాని మీద పసుపూ కుంకుమ రంగుల్లో పెద్ద స్వస్తిక్ ఉంది. మన గుర్తు వేరు, వాళ్ల గుర్తు వేరు అని వాదించడానికి వేరే చోట్లు ఉన్నాయి. తాత ఈ శిబిరంలో బందీగా ఉన్న కుటుంబం మన పక్కనే నడుస్తుంటే వాళ్లకు ఆ వివరణ వినే ఓపిక ఉండాలనుకోవడం న్యాయం కాదు. లాకెట్, ఉంగరం, ఫోన్ కవరు దేని మీదున్నా ఆ రోజుకు ఇంట్లో ఉంచితే సరిపోతుంది.

మ్యూనిక్ నుంచి ఎస్2 రైల్లో డాకౌ అరగంట లోపే. స్టేషన్ ముందు నుంచి 726 నంబరు బస్సు స్మారకం దగ్గరికి వెళుతుంది. మేం బస్సు ఎక్కలేదు. స్టేషన్ నుంచి శిబిరం దాకా సుమారు 3 కిలోమీటర్లు నడిచే దారి ఉంది, మధ్యమధ్య వివరాలు రాసిన పలకలు పెట్టారు. కాళ్లు సహకరించేవాళ్లు నడిచే వెళ్లండి. ఇళ్లు, పెరళ్లు, ఆరేసిన బట్టలు, సైకిళ్లు. యుద్ధానికి ముందు ఇది చిత్రకారుల ఊరుగా పేరుపడ్డది. శిబిరం ఎక్కడో అడవిలో దాచిపెట్టిందేమీ కాదు. దాన్ని తెరుస్తున్నామని, 5,000 మంది పడతారని నాజీ నాయకుడు హిమ్లర్ పత్రికల వాళ్లకు చెప్పి మరీ తెరిచాడు. ఖైదీలు ఈ ఊరి మనుషుల కళ్లముందే నడిచారని నడిచి వెళ్తేనే తెలుస్తుంది.

లోపలికి టికెట్ లేదు. రెండున్నర గంటల గైడ్ టూర్‌కు మాత్రం కొద్దిగా డబ్బు కట్టాలి. ఆడియో పరికరం కన్నా ఇదే మంచిదని నేనంటాను, ప్రశ్న అడిగితే జవాబు చెప్పే మనిషి ఉంటుంది కాబట్టి. మాకు దొరికిన గైడ్ నెమ్మదైన అమ్మాయి. ఏ భవనంలో ఎలా నడుచుకోవాలో బయటే చెప్పింది. దహనశాల దగ్గర తాను లోపల మాట్లాడననీ, చెప్పాల్సిందంతా ముందే చెప్పేస్తాననీ అంది.

గేటు చాలా చిన్నది. ఇనప చువ్వల తలుపులో 'పని స్వేచ్ఛనిస్తుంది' అన్న జర్మన్ మాటలు ఇనుముతోనే చేసి ఉన్నాయి. 2014లో ఆ తలుపును ఎవరో ఎత్తుకుపోయారు, రెండేళ్ల తర్వాత నార్వేలో దొరికింది. ఇప్పుడు గేటుకున్నది నకలు, అసలుది మ్యూజియంలో ఉంది. ఒక కుర్రాడు ఆ చువ్వలు రెండు చేతులా పట్టుకుని ఖైదీలా మొహం పెట్టి నిలబడితే అతని స్నేహితులు ఫొటో తీస్తున్నారు. సొంతానికి ఫొటోలు తీసుకోవడానికి ఇక్కడ అనుమతి ఉంది, ఎవరూ ఆపలేదు. తలుపును ఫొటో తీసుకోండి, దారిని తీసుకోండి, చదవడానికి వీల్లేనంత పొడుగున్న పలకను తీసుకోండి. మీ మొహం మాత్రం అందులో పెట్టకండి. మావాడు ఆ గుంపు వెళ్లేదాకా పక్కన ఆగాడు, తర్వాత కూడా ఫోన్ జేబులోంచి తీయలేదు.

లోపల కంకర పరిచిన మైదానం. రోజుకు రెండుసార్లు ఖైదీలను లెక్కపెట్టడానికి ఇక్కడే నిలబెట్టేవాళ్లు. లెక్క తప్పితే గంటల తరబడి నిలబడాల్సిందే, జబ్బుచేసినవాళ్లయినా సరే. నీడ ఉండదు, చలికాలంలో గాలి ఈడ్చి కొడుతుంది. గట్టి బూట్లు, గొడుగు, మంచినీళ్లు తెచ్చుకోండి. తినడం మాత్రం బయటి సందర్శకుల కేంద్రంలోని కెఫేలోనే ముగించుకుని రావాలి.

మైదానం అంచున ఉన్న పొడుగాటి భవనం ఇప్పుడు మ్యూజియం. కొత్తగా వచ్చినవాళ్ల బట్టలు, ఉంగరాలు, కాగితాలు లాక్కుని రాసుకున్న గది అందులోనే. ఆ గోడ మీద 'పొగతాగరాదు' అన్న అప్పటి రాత ఇంకా కనిపిస్తుంది. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది వైద్య ప్రయోగాల దగ్గర. క్లౌస్ షిల్లింగ్ అనే పేరున్న శాస్త్రజ్ఞుడు వెయ్యిమందికి పైగా ఖైదీలకు మలేరియా ఎక్కించాడు. వాళ్లలో పోలండ్ నుంచి తెచ్చిన క్రైస్తవ మతగురువులు చాలామంది. దోమల చేత కుట్టించి, మందులు మార్చి మార్చి ఇచ్చి చూశాడు. మలేరియాను మోసేది దోమేనని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్ బేగంపేటలో. మనుషులను కాపాడటానికి అక్కడ దొరికిన జ్ఞానమే ఇక్కడ మనుషుల మీదికి ఇలా వచ్చింది. యుద్ధం తర్వాత అమెరికా సైనిక కోర్టు ఇదే డాకౌలో విచారణ జరిపింది, 1946లో షిల్లింగ్‌ను ఉరితీశారు.

రెండు బ్యారక్‌లు తిరిగి కట్టినవి, మిగిలినవాటికి పునాదుల గుర్తులే ఉన్నాయి. 6,000 మంది కోసం కట్టిన శిబిరంలో చివరికి 30,000 మందికి పైగా ఉన్నారు. చెక్క మంచాలు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా ఇరుకైపోయాయో వరసగా చూపించారు. మాటల అవసరం లేకుండానే పాఠం చెప్పే గది అది. అక్కడ ఒక తెలుగు కుటుంబం ఎదురైంది. నాలుగేళ్ల పాప మంచమెక్కుతానని మారాం చేస్తుంటే తల్లి నలిగిపోతోంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఇద్దరూ కలిసి రావడం కన్నా ఒక్కొక్కరు ఒక్కో పూట రావడం మంచిది. పిల్లల తప్పేం లేదు, వాళ్లకు ఇది తగిన చోటు కాదు.

బంకర్ అనే జైలు కొట్ల వరస దగ్గర గెయోర్గ్ ఎల్సర్‌ను తలుచుకున్నాం. వడ్రంగి. హిట్లర్ మాట్లాడబోయే మ్యూనిక్ హాల్లో ఒక స్తంభాన్ని రాత్రిళ్లు తొలిచి, అందులో తను తయారుచేసిన బాంబు పెట్టాడు. 1939 నవంబర్ 8న అది పేలేసరికి హిట్లర్ హాలు విడిచి 13 నిమిషాలైంది. హాల్లో ఉన్న ఎనిమిది మంది పోయారు. ఎల్సర్‌ను ఏళ్ల తరబడి బంధించి ఉంచి, 1945 ఏప్రిల్ 9న ఇక్కడ కాల్చేశారు. అమెరికా సైన్యం ఈ గేటు దగ్గరికి వచ్చింది ఏప్రిల్ 29న.

దహనశాల చెట్ల మధ్య ఉంది. గైడ్ చెప్పినట్టే లోపల ఎవరూ మాట్లాడలేదు. అక్కడ నలుగురు స్త్రీల పేర్లున్న ఫలకం ఒకటి ఉంటుంది, వాళ్లలో నూర్ ఇనాయత్ ఖాన్ ఒకరు. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీతకారుడు, టిప్పు సుల్తాన్ వంశంవాడు. హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో నిజాం ముందు పాడాడు, తన సూఫీ గురువు అబూ హాషిమ్ మదనీని కలుసుకున్నదీ అక్కడే. నూర్ పారిస్ దగ్గర పెరిగింది, పిల్లలకోసం జాతక కథలు తిరిగి రాసి 1939లో పుస్తకం వేసింది. 1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య విభాగం తరఫున వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఆక్రమిత ఫ్రాన్స్‌లో దిగింది. తోటివాళ్లు వరసగా పట్టుబడుతున్నా తిరిగి రాలేదు. దొరికాక నెలల తరబడి సంకెళ్లలో ఉంచారు. 1944 సెప్టెంబర్ 13న ఇక్కడ కాల్చినప్పుడు ఆమె వయసు 30. సంచిలో తెచ్చుకున్న నాలుగు పూలు ఫలకం కింద పెట్టాను. "మన హైదరాబాద్ నుంచి వచ్చామని చెప్పు పెద్దమ్మా" అన్నాడు మావాడు, బయటికి వచ్చాక.

ఈ స్మారకం దానంతట అది నిలబడలేదన్నది ఇక్కడ తెలుసుకోవాల్సిన మరో సంగతి. యుద్ధం ముగిశాక ఈ బ్యారక్‌లలో మొదట ఎస్‌ఎస్ అనే నాజీ దళం వాళ్లను బంధించారు, 1948 నుంచి జర్మన్ శరణార్థి కుటుంబాలు కాపురాలున్నాయి. బతికి బయటపడ్డ ఖైదీలు పట్టుబట్టి, సంఘంగా ఏర్పడి పోరాడితే 1965లో స్మారకం తెరుచుకుంది. మైదానం ముందు, ముళ్లకంచెలో చిక్కుకున్న శరీరాలను చూపించే కంచు శిల్పం 1968లో వచ్చింది. దాన్ని చేసిన నాండోర్ గ్లిడ్ తండ్రి ఆష్విట్స్‌లో చనిపోయాడు.

మధ్యాహ్నం ఖాళీగా ఉంచుకోబట్టే హెబెర్ట్స్‌హౌజన్‌కు వెళ్లగలిగాం. శిబిరానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎస్‌ఎస్ వాళ్ల తుపాకీ శిక్షణ మైదానం అది. 1941, 1942లలో సోవియట్ యుద్ధఖైదీలను 4,000 మందికి పైగా తీసుకొచ్చి ఇక్కడ కాల్చారు. యుద్ధఖైదీలను చంపకూడదన్న అంతర్జాతీయ నియమాన్ని అందరూ తెలిసే తొక్కేశారు. దశాబ్దాల పాటు ఎవరికీ పెద్దగా పట్టని ఈ స్థలాన్ని 2014లో తీర్చిదిద్దారు. గుర్తించగలిగినవాళ్ల పేర్లు పలకల మీద పెట్టారు. శిబిరంలో వందలమంది తిరుగుతుంటే ఇక్కడ మేమిద్దరం, సైకిల్ మీద వచ్చిన ఒక ముసలాయన. పలకలు చదవడానికే మాకు చాలాసేపు పట్టింది. ఒక్క పూట కోసం వచ్చినవాళ్లకు ఇది అందదు. వెళ్లాలనుకుంటే శిబిరం సమాచార కేంద్రంలోనే దారి అడిగి తెలుసుకోండి, నడవలేనివాళ్లు అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకోవడం మేలు.