సిగ్గు మాటున పెరిగే వ్యాధి

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తాయి. ఒక గదిలో ఉర్దూ గజల్, ఆ పక్క గదిలో తెలుగు పద్యం వినిపించడం మనకు నిత్యానుభవం. మలద్వారం నుండి రక్తం పడే బాధకు ఈ రెండు భాషలలోను ఇంటింటా తెలిసిన పేరు ఒకటున్నది. ఉర్దూ మాట్లాడేవారు ‘బవాసీర్’ అంటారు. తెలుగువారు ‘మొలలు’ అంటారు. ఆ పేరు పెట్టిన తరువాత ఇక ఎవరూ ఏమీ ప్రశ్నించరు. కాని అదే లక్షణంతో బయటపడే మరొక వ్యాధికి, అనగా పెద్దప్రేగు క్యాన్సర్‌కు, మన ఇళ్లలో వాడుక పేరే లేదు. పేరు తెలియని శత్రువును గుర్తించడం కష్టం. ఆ శత్రువు మా కుటుంబంలో ప్రవేశించినందువలననే ఈ విషయాన్ని గూర్చి ఇంత సూటిగా వ్రాస్తున్నాను.

మా అన్నయ్య కర్నూలు జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. మితభాషి. తన బాధను ఇతరులకు చెప్పుకొనడం గౌరవానికి తగదని భావించిన మనిషి. ఏడాదికి పైగా మలంలో రక్తం కనిపిస్తున్నా ఆ సంగతి వదినకు కూడా చెప్పలేదు. ‘ఆపరేషన్ లేకుండా మొలలకు చికిత్స’ అని గోడ మీద వ్రాసిన ప్రకటన చూసి, ఏవో పొడులు తెచ్చుకొని రహస్యంగా వాడాడు. రక్తం కొన్నాళ్లు ఆగేది, మళ్లీ కనిపించేది. ఆగినప్పుడల్లా మందు పనిచేసిందనుకొన్నాడు. ముఖం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నప్పుడు వదిన పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. హీమోగ్లోబిన్ 7 గ్రాములే ఉన్నది. అక్కడినుండి హైదరాబాదులో ఒక శస్త్రవైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాము. వ్యాధి అప్పటికే కాలేయానికి ప్రాకింది. 49వ ఏట బయటపడిన ఆ వ్యాధి 51వ ఏట ఆయనను మాకు దూరం చేసింది.

అన్నయ్య ఆసుపత్రిలో ఉండగానే వైద్యుడు నన్ను పక్కకు పిలిచి, “మీరెంతమంది తోబుట్టువులు?” అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో నాకు మొదట బోధపడలేదు. తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి ఈ వ్యాధి వచ్చిన యెడల, మిగిలినవారు 40వ ఏట, లేదా ఆ రోగికి వ్యాధి బయటపడిన వయస్సుకు 10 ఏళ్ల ముందు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు పరీక్ష చేయించుకోవాలని ఆయన వివరించారు. మా ఇంటి లెక్క ప్రకారం అది 39. నాకప్పటికి 44. ఆ వారంలోనే పరీక్షకు రోజు నిర్ణయించుకొన్నాను.

కంటి వైద్యుని వద్ద కూర్చున్నవారు “మీకే కన్ను?” అని ఒకరినొకరు పలకరించుకొంటారు. పెద్దప్రేగు, మలద్వార వ్యాధుల శస్త్రవైద్యుని గది ముందు అటువంటి పలకరింపు లేదు. అందరూ నేల చూపులు చూస్తూ కూర్చుంటారు. లోపల మాత్రం వాతావరణం వేరు. ఎన్నిసార్లు విరేచనమవుతుంది, రంగు ఏమిటి, అలవాటులో మార్పు వచ్చిందా, బరువు తగ్గారా అని వైద్యుడు, మనం హాజరు పిలిచినంత సాధారణంగా అడిగారు. తొడుగు ధరించిన వేలితో ఒక్క నిమిషంలో పరీక్ష ముగించారు. నేను తడబడుతూ ఉండగా, “ఈ గదిలో సిగ్గుపడవలసిన మాట ఏదీ లేదండీ” అన్నారు.

తరువాతి ఘట్టం కొలొనోస్కోపీ. నిజం చెప్పవలెనంటే, పరీక్షకన్నా ముందురోజే కష్టం. ఆ రోజంతా కొబ్బరినీరు, వడగట్టిన చారు వంటి తేట ద్రవాలు తప్ప మరేమీ తీసుకొనరాదు. ఎర్రని పానీయాలు నిషిద్ధం. ఆ రంగు లోపల రక్తంవలె భ్రమ కలిగిస్తుంది. సాయంత్రం ఒక పొడిని 2 లీటర్ల నీటిలో కలిపి త్రాగించారు. ఉప్పటి ఆ నీరు ప్రేగును పూర్తిగా కడిగివేస్తుంది. మరునాడు నరంలోకి మత్తుమందు ఇచ్చారు. వేలి మందంలో, ఎటు వంచితే అటు వంగే గొట్టం చివర దీపం, కెమెరా ఉంటాయి. దానితో సుమారు 5 అడుగుల పెద్దప్రేగును లోపలినుండి పరిశీలిస్తారు. నాకు మెలకువ వచ్చేసరికి అంతా ముగిసింది. కందిగింజంత పాలిప్, అనగా ప్రేగు లోపలి పొరపై మొలిచిన చిన్న కండ, కనిపించిందనీ, దానిని అప్పుడే సన్నని తీగ ఉచ్చుతో తొలగించి ప్రయోగశాలకు పంపామనీ చెప్పారు. అందులో క్యాన్సర్ లేదని వారం తరువాత తెలిసింది. మళ్లీ 5 ఏళ్లకు రమ్మన్నారు.

ఈ వ్యాధి మనిషికి ఎంతో గడువిస్తుంది. పెద్దప్రేగు క్యాన్సర్లలో అధికభాగం ఇటువంటి పాలిప్‌లతోనే ప్రారంభమవుతాయి. ప్రతి పాలిప్ క్యాన్సర్ కాదు. అయ్యేవాటికి సాధారణంగా పదేళ్లయినా పడుతుంది. 1969లో న్యూయార్కులో వుల్ఫ్, షిన్యా అనే వైద్యులు పొట్ట కోయకుండా, ఈ గొట్టం ద్వారానే పాలిప్‌ను తొలగించే పద్ధతికి నాంది పలికారు. కనుక ఈ పరీక్ష వ్యాధిని కనుగొనడమే గాక, రాకుండా కూడా ఆపగలదు. అమెరికా అధ్యక్షుడు రీగన్‌కు 1985లో పెద్దప్రేగు క్యాన్సర్ బయటపడి శస్త్రచికిత్స జరిగింది. ఆ వార్త ప్రపంచమంతా చదివింది. ఆయన 2004 వరకు జీవించారు. అక్కడ లక్షణాలు లేనివారికి పరీక్షలు ప్రారంభించవలసిన వయస్సును 2021లో 50 నుండి 45కు తగ్గించారు. కంటికి కనిపించని రక్తాన్ని మలంలో పసిగట్టే సులభమైన పరీక్ష కూడా ఉన్నది. అందులో రక్తం తేలితే కొలొనోస్కోపీ తప్పదు. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే. ప్రభుత్వ ముందస్తు పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉద్దేశించినవి. కాబట్టి పెద్దప్రేగు విషయంలో కుటుంబమే మేలుకొని ఉండాలి.

మా చెల్లెలికి 41 ఏళ్లు. “చచ్చినా ఆ పరీక్షకు రాను” అన్నది. నా మాట, వైద్యుని మాట పనిచేయలేదు. చివరకు వదిన నంద్యాల వెళ్లి ఆమె పక్కన కూర్చుని, “మీ అన్నయ్య సిగ్గు నాకేమి మిగిల్చిందో చూస్తున్నావు గదా, అమ్మాయీ” అన్నది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. మహిళా వైద్యురాలి వద్ద పరీక్ష జరిగినంతసేపు వదిన బయటనే కూర్చున్నది. చెల్లెలికి ఏమీ లేదని తేలింది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో చాలామందికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఈ పరీక్ష మీ వయస్సుకు కాదు. కాని మందుచీటీ చదివిపెట్టేది, ఆసుపత్రికి తోడు వెళ్లేది మీరే. తల్లిదండ్రులు పాలిపోతున్నారా, బరువు తగ్గుతున్నారా, రక్తం పడుతున్నదా అని మీరే అడగాలి. మొదట కసురుకొంటారు, అయినా అడగండి. అవి మొలలే కావచ్చు. చాలాసార్లు మొలలే అవుతాయి. కాని ఆ మాట చెప్పవలసినవాడు వైద్యుడు. గోడమీది ప్రకటన కాదు.