గచ్చిబౌలి గోడ

హైటెక్‌సిటీ అనగానే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? గుండ్రటి సైబర్ టవర్స్, అద్దాల మేడలు, మెడలో వేలాడే ట్యాగులు, సాయంత్రం ఆరు దాటితే అంగుళం కదలని కార్లు... అంతేగా! మా ఇంట్లో మాత్రం ఆ దారికి ఇంకో పేరుంది. ‘మ్యాచ్ దారి’. హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఆడిన నాలుగు సీజన్లూ నేనూ మావాడూ పసుపురంగు చొక్కాలేసుకుని ఆ దారినే వెళ్లాం. అందరూ గోల్స్ కొట్టేవాళ్ళ కోసం వస్తే మేం గోల్స్ ఆపేవాళ్ళ కోసం వెళ్లేవాళ్ళం. నవ్వకండి, కారణం చెబుతాను.

ముందు దారి సంగతి. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి మెట్రోయే దిక్కు. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో తొలి మ్యాచ్ జరిగేనాటికి రైలు హైటెక్‌సిటీ స్టేషన్ వరకే వచ్చేది. అదే నెల చివర్లో రాయదుర్గం వరకూ పొడిగించారు. అక్కడితో సరి! అక్కణ్నుంచి స్టేడియానికి మళ్ళీ ఆటో బేరమే. మ్యాచ్ మొదలయ్యేది రాత్రి ఏడున్నరకి. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ. బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ ఉన్నా ఆటో నిలబడేచోట నిలబడుతుంది. ‘‘స్టేడియంలో ఏముంది సార్, క్రికెట్టా?’’ అని అడగని ఆటోడ్రైవర్ నాకు ఒక్కరూ తగల్లేదు. క్రికెట్ ఊరికి ఆ చివర ఉప్పల్లో ఉంది బాబూ, ఇది ఫుట్‌బాల్ అంటే ఓసారి వెనక్కి తిరిగి మా చొక్కాలకేసి చూసేవాళ్ళు.

గచ్చిబౌలి కూడలి దాటి పాత ముంబయి రోడ్డు మీద లింగంపల్లి వైపు వెళ్తుంటే వస్తుంది జీఎంసీ బాలయోగి స్టేడియం. 2002 జాతీయ క్రీడలూ 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల నాటి కట్టడం. దగ్గర్లోనే ట్రిపుల్ ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ. ముప్ఫైవేలమంది పట్టే గ్యాలరీలు. ఒక్కటే లోపం... మైదానానికీ మనకీ మధ్యలో పరుగుపందాల ట్రాక్ ఉంటుంది. గోల్ పడిందో లేదో అవతలి చివర కూర్చున్నవాళ్ళకి వెంటనే తెలీదు. కానీ డిఫెన్స్‌ని చూడాలంటే మాత్రం ఆ దూరమే మంచిది. నలుగురూ ఒకే తాడు కట్టినట్టు ముందుకీ వెనక్కీ కదలడం పైనుంచే బాగా కనిపిస్తుంది. టీవీలో ఆ భాగ్యం లేదు, కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది.

ఆ గ్యాలరీల్లో ఇంకో తమాషా ఉండేది. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ అయితే మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్ళలోని మలయాళీ కుర్రాళ్ళంతా దిగిపోయేవాళ్ళు. వాళ్ళదీ పసుపే, మనదీ పసుపే. ఎవరు ఎవరివైపో అరుపుల్ని బట్టి తేల్చుకోవాలి. కోల్‌కతా జట్టు వస్తే బెంగాలీ టెకీలు. సొంతూళ్ళో ఆడుతూ కూడా పరాయి ఊళ్ళో ఉన్నట్టుండేది మన జట్టు పరిస్థితి. ‘డెక్కన్ లెజియన్’ పేరుతో మన అభిమానులు డప్పులు పట్టుకుని ఓ మూల గొంతు చించుకునేవాళ్ళు. వాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి!

39 నుంచి 16కి

పుణె సిటీ జట్టు మూతపడిన చోట 2019లో పుట్టింది హైదరాబాద్ ఎఫ్‌సీ. తొలి మ్యాచ్ కోల్‌కతాలో. 5-0తో చిత్తు. సొంతగడ్డ మీద తొలి మ్యాచ్‌లో కేరళని 2-1తో ఓడించినప్పుడు ఇంక తిరుగులేదనుకున్నాం. తీరా చూస్తే ఆ సీజన్‌లో ఆడిన 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 39 గోల్స్ సమర్పణ, అట్టడుగు స్థానం. గోడ లేని ఇంట్లోకి గొర్రెలు దూరినట్టు ఎవరు పడితే వాళ్ళు వచ్చి గోల్ కొట్టిపోయేవాళ్ళు. ఫార్వర్డ్‌ల మీద డబ్బు పోసి డిఫెన్స్‌ని గాలికి వదిలేసిన జట్లన్నిటికీ పట్టే గతే అది అన్నది నా గట్టి అభిప్రాయం.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఆయన చేసిన మొదటి మంచిపని పేర్లని కాకుండా కాళ్ళని చూడటం. ఎడమవైపు ఆకాశ్ మిశ్రా... ఉత్తరప్రదేశ్‌లోని బలరాంపుర్ కుర్రాడు, అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా లేవు. కుడివైపు సిక్కింకి చెందిన ఆశిష్ రాయ్. మధ్యలో మణిపూర్ నుంచి వచ్చిన చింగ్లెన్‌సనా సింగ్. తోడుగా ఓ స్పెయిన్ ఆటగాడు... ఓ ఏడాది ఒడీ ఒనైందియా, మరో ఏడాది హువానన్. వెనకాల గోవాకి చెందిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని. ఈ అయిదుగురి పేర్లూ మా ఇంట్లో ఎక్కాల్లా వచ్చేవి.

ఐటీ కారిడార్ భాషలో చెప్పాలంటే డిఫెండరంటే టెస్టింగ్ విభాగం మనిషి. అంతా సవ్యంగా నడిస్తే అతనున్నాడనే ఎవరికీ గుర్తుండదు. ఒక్క తప్పు జరిగితే మాత్రం అందరి వేళ్ళూ అతనివైపే. చింగ్లెన్‌సనా అలాంటివాడే. ఎగిరి తన్నడాలూ, జారి పడటాలూ అతని ఆటలో తక్కువ. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. జారి ఆపిన డిఫెండర్‌కి జనం చప్పట్లు కొడతారుగానీ, జారాల్సిన అవసరమే రానివ్వనివాడు గొప్పవాడని మావాడికి చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. ఆకాశ్ మిశ్రా దీనికి పూర్తిగా తిరకాసు. పరుగే పరుగు! ముందుకెళ్ళి బంతి అందించి, అది చెడితే అంతే వేగంగా వెనక్కి వచ్చేవాడు. అప్పుడప్పుడూ అతను వదిలిన ఖాళీ చూసి మాకు గుండె ఆగినంత పనయ్యేది. ఆ ఖాళీని మధ్యలోంచి వచ్చి పూడ్చే పని కెప్టెన్ జువావ్ విక్టర్‌ది. బ్రెజిల్ ఆటగాడు, మిడ్‌ఫీల్డర్‌గా రాసుకునేవాళ్ళుగానీ నా లెక్కలో అయిదో డిఫెండర్.

విచిత్రమేంటంటే ఈ గోడ కట్టిన రోజుల్లో మేమెవరం స్టేడియంలో లేం. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. టీవీ ముందే కేకలు, టీవీ ముందే ఏడుపులు. 2021-22లో ఒగ్‌బెచె 18 గోల్స్ కొట్టాడు కాబట్టి పేపర్ల నిండా అతని ఫొటోలే. తప్పులేదు, కొట్టినవాడికి కొట్టినంత. కానీ 2022 మార్చి 20న ఫతోర్డాలో జరిగిన ఫైనల్ని గెలిపించిందెవరు? కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతిని గాల్లో ఉండగానే తన్ని లెక్క సరిచేశాడు. ఆ తర్వాత షూటౌట్. కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. అందులో ఒకదాన్నయితే రెండుసార్లు ఆపాల్సొచ్చింది. గీత దాటి ముందుకొచ్చాడని రెఫరీ మళ్ళీ కొట్టిస్తే, ఇదిగో అన్నట్టు మళ్ళీ ఆపాడు! చివరికి హలిచరణ్ నర్జరీ కొట్టిన బంతితో 3-1. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్లో మా ఇంట్లోంచి మాత్రమే అరుపులు వినిపించాయి. ఏమైందోనని కింద వాచ్‌మన్ పైకొచ్చాడు.

2022 అక్టోబరులో జట్టు తిరిగి గచ్చిబౌలి చేరింది. ఆశిష్ రాయ్ అప్పటికే కోల్‌కతా వెళ్ళిపోయాడు. అయినా గోడ చెక్కుచెదరలేదు. ఆ లీగ్‌లో 20 మ్యాచ్‌లాడి ఇచ్చింది 16 గోల్సే. సెమీఫైనల్లో మోహన్‌బగాన్‌తో ఇక్కడ 0-0, కోల్‌కతాలో అదనపు సమయంతో కలిపి మళ్ళీ 0-0. అంటే 210 నిమిషాల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు. అయినా పెనాల్టీల్లో 4-3తో ఇంటిదారి! డిఫెన్స్ ఎంత గొప్పదైనా మ్యాచ్‌ని ఓడిపోకుండా మాత్రమే చూడగలదు, గెలిపించడం దానివల్ల కాదంటారు కొందరు. నేనైతే ఆ ఓటమిని ముందు ఆడినవాళ్ళ ఖాతాలోనే రాస్తాను.

ఆ ఏడాదే ఇంకో సంగతి జరిగింది. మే 3న కోజికోడ్‌లో ఏఎఫ్‌సీ కప్ అర్హత కోసం మోహన్‌బగాన్‌తో మ్యాచ్. ఆట ముగించుకుని వచ్చి ఫోను చూసుకుంటే చింగ్లెన్‌సనాకి ఇంటి నుంచి వచ్చిన కాల్స్ బోలెడు. మణిపూర్‌లో అల్లర్లు మొదలైంది ఆ రోజే. చురాచంద్‌పుర్ జిల్లాలోని వాళ్ళ ఇల్లు కాలిపోయింది. ఊళ్ళో పిల్లల కోసం తను కట్టించిన ఫుట్‌బాల్ టర్ఫ్ కూడా కాలిపోయింది. కుటుంబం ప్రాణాలతో బయటపడింది. ఇక్కడ మన గోల్‌పోస్టుకి కాపలా కాసినవాడు, వెయ్యి మైళ్ళ అవతల సొంత గుమ్మానికి అడ్డు నిలబడలేకపోయాడు. పేపర్లో ఆ వార్త చదివాక చాలాసేపు మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు.

ఇటుక ఇటుకా...

తర్వాత కథ గబగబా చెప్పేస్తాను, తల్చుకోవడం ఇష్టంలేదు. 2023 వేసవిలో మనోలో, ఒనైందియా గోవాకి వెళ్ళారు. ఆకాశ్ మిశ్రా ముంబయికి. బకాయిల గొడవలతో కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం. 2023-24 సీజన్ సగంలో మిగతావాళ్ళలోనూ చాలామంది సర్దుకున్నారు. చింగ్లెన్‌సనా బెంగళూరు వెళ్ళాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. 43 గోల్స్ సమర్పణ. ఆ సీజన్లో గచ్చిబౌలికి వెళ్తే ఖాళీ కుర్చీలే పలకరించేవి. జువావ్ విక్టర్ మాత్రం కుర్రాళ్ళ మధ్య పెద్దన్నలా నిలబడ్డాడు. గెలిచిన కప్పు కంటే అందుకే అతని మీద నాకు గౌరవం ఎక్కువ. మరుసటి ఏడాది యాజమాన్యం మారింది, 13 జట్లలో 12వ స్థానం దక్కింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడది ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’. కంపెనీలు వచ్చిపోవడం ఈ కారిడార్‌కి కొత్తకాదు, బోర్డు తీసి బోర్డు పెడతారు. జట్టు కూడా అంతేనా అని మావాడు అడిగాడు.

నిజానికి ఈ ఊరు డిఫెండర్లకి గొడ్డుపోలేదు. ఎస్.ఎ.రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్‌బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం సాధించిన భారత జట్టులో మన అజీజ్, నూర్ మహ్మద్ వెనకవైపే ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ, డిఫెండర్! మరి 2022లో కప్పు గెలిచిన మన రక్షణశ్రేణిలో హైదరాబాదీ ఒక్కడూ లేడు. జట్టు వెళ్ళిపోయినందుకు కంటే నాకు దీనికే ఎక్కువ బాధ. స్థానిక కుర్రాళ్ళు నలుగురుంటే ఊరు దాన్ని అంత తేలిగ్గా పోనిచ్చేదా?

గచ్చిబౌలి మైదానం మాత్రం పూర్తిగా మూగబోలేదు. 2024 సెప్టెంబరులో మనోలో భారత కోచ్‌గా తొలి మ్యాచ్ ఆడించింది ఇక్కడే, మారిషస్‌తో 0-0. నవంబరులో మలేసియాతో జరిగిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకొచ్చేసి ఓ గోల్ ఇచ్చేస్తే, దాన్ని తలతో సరిచేసింది రాహుల్ భేకె... డిఫెండరే! ఆ ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. ఊరంతా కొత్త సంవత్సరం కేకుల హడావిడిలో ఉంటే బెంగాల్ చివరి క్షణాల్లో గోల్ కొట్టి కేరళని ఓడించింది. కేరళ డిఫెన్స్ తొంభై నిమిషాలు కాపలా కాసి ఆ ఒక్క క్షణం కునుకు తీసింది.

అటువైపు వెళ్తే ఇప్పుడు మీకు వేరే ఫుట్‌బాల్ కనిపిస్తుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి సందుల్లో వలలు కట్టిన పచ్చటి ప్లాస్టిక్ టర్ఫులు. గంటల లెక్కన అద్దె. షిఫ్టు దిగిన టెకీలు లైట్ల వెలుగులో అర్ధరాత్రి దాకా ఆడుతుంటారు. జట్టుకి అయిదుగురు, అయిదుగురూ ఫార్వర్డులే! వెనక నిలబడమంటే ఎవరూ నిలబడరు. అందుకే ఓ మనిషి తక్కువైనప్పుడల్లా మావాడికి పిలుపొస్తుంది. వయసు చిన్నదైనా అడక్కుండానే వెళ్ళి గోల్‌పోస్టుకి ఎడమవైపు నిలబడతాడు.