నేను ఆపేసిన ఆట

ఈ కాలపు వీడియో గేముల్లో కొత్తదనం చచ్చిపోయిందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. హైదరాబాద్‌లో మొబైల్ గేములు చేసే ఒక చిన్న కంపెనీలో డిజైనర్‌గా చేరి, తర్వాత ఒక టీమ్‌కు పెద్దనై, నా కింద పనిచేసే పిల్లల చేత కూడా ఆ మాటే నమ్మించాను. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. దాన్ని నేను దేనికి వాడుకున్నాను అన్నదే తప్పు. ఆ తప్పు వల్ల ఒక మంచి ఆట పుట్టకుండానే ఆగిపోయింది, చేయి తిరిగిన ఒక ఆర్టిస్ట్ ఈ రంగం వదిలి వెళ్ళిపోయింది.

2014 మొదటి నెలలు మా రంగంలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. వియత్నాంలో డాంగ్ న్యుయెన్ అనే యువకుడు ఒక్కడే కూర్చుని చేసిన ఫ్లాపీ బర్డ్‌ను అప్పుడు ప్రపంచమంతా ఆడుతోంది. ఫిబ్రవరిలో ఆయన తన ఆటను తనే స్టోర్ల నుంచి తీసేశాడు. ఆ ఖాళీలోకి అలాంటివే కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. మేమూ పక్షి స్థానంలో ఇంకో బొమ్మ పెట్టి ఒకటి వదిలాం. దీన్ని మా వాళ్ళు రీస్కిన్ అంటారు. కోడ్ అలాగే ఉంచి బొమ్మలు, రంగులు, చప్పుళ్ళు, ఐకాన్ మార్చి కొత్త పేరుతో ప్లే స్టోర్‌లో పెట్టడం. ఇన్‌స్టాల్స్ వస్తే యాడ్స్ మీద నాలుగు డబ్బులు రాలతాయి, రాకపోతే ఇంకోటి.

మార్చిలో 2048 వచ్చింది. పంతొమ్మిదేళ్ళ ఇటలీ కుర్రాడు గాబ్రియేలే చిరుల్లి ఒక వారాంతంలో చేసి, కోడ్ కూడా ఎవరైనా వాడుకోమని ఉచితంగా ఇచ్చేశాడు. మేం ఆ కోడ్ తీసుకుని అంకెల చోట మిఠాయిలు పెట్టాం. రెండు అరిసెలు కలిస్తే ఒక బొబ్బట్టు, రెండు బొబ్బట్లు కలిస్తే ఒక పూతరేకు. ఉగాదికి విడుదల చేసి, అచ్చమైన తెలుగు ఆట అని ప్రచారం చేశాం. చట్టం ప్రకారం అందులో ఏ దోషమూ లేదు. అయినా ఆ ప్రచారపు వాక్యం రాసింది నేను. అది అబద్ధమని రాస్తున్నప్పుడే నాకు తెలుసు.

ఆ మిఠాయిల బొమ్మలు వేసిన అమ్మాయి కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. పూతరేకు పొరల్లోంచి వెలుతురు కనిపించేలా వేసింది. అంత చిన్న బొమ్మలో ఆ పనితనం చూసేవాళ్ళు ఎవరని నేను తొందరపెడితే, తలెత్తకుండానే అడిగింది: "అన్నా, గిండ్ల మనం ఆలోచించింది ఏమున్నదన్నా?"

"ఇప్పుడు ఎవరి ఆటలో ఉందమ్మా? అంత పెద్ద స్టూడియోలే పోయినేడాది ఆటకు రంగు మార్చి అమ్ముకుంటున్నాయి. మనమెంత?" అన్నాను.

అప్పటికి నాకు ఆ జవాబు నోటికి వచ్చేసింది. కాల్ ఆఫ్ డ్యూటీ 2005 నుంచి ఏడాదికొకటి చొప్పున వస్తూనే ఉందని, పెద్ద కంపెనీలు సీక్వెల్స్ తప్ప చేయడం లేదని ఉదాహరణలు కూడా ఇచ్చేవాణ్ణి. వాస్తవానికి ఆ పెద్ద కంపెనీల పరిస్థితి వేరు. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి దాదాపు 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని 2023లో అమెరికా కోర్టుకు చేరిన పత్రాల వల్ల బయటపడింది. అంత సొమ్ము పెట్టినవాడు, జనానికి ఇదివరకే నచ్చినదాన్ని వదిలి తెలియని దారి తొక్కమంటే వెనకాడతాడు. అది వాళ్ళ భయం. మాకు ఆ భయానికి కారణమే లేదు. ముగ్గురు నలుగురం, రెండు మూడు నెలల జీతాలు, అంతే మేం పెట్టేది. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని మేము, కోట్లు పెట్టినవాళ్ళ భయాన్ని అరువు తెచ్చుకుని బతికాం.

తర్వాత కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఒక కాగితాల కట్ట తెచ్చింది. పెద్ద కాగితాల మీద చెరువు, కట్ట, తూము, తూము నుంచి పాయలుగా చీలిన కాలువలు, వాటి కింద మడులు. "మా తాత నీరటి అన్నా. ఆయన చేసిన పనే ఆట చేద్దామనుకుంటున్న" అంది.

తెలంగాణ పల్లెల్లో చెరువు కింద నీళ్ళు వదిలే మనిషి నీరటి. తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఈ పూట ఎవరి మడికి పారాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. పంట కోశాక రైతులు ఇచ్చే ధాన్యమే అతని కూలి. ఆమె గీసిన ఆటలో ఆడేవాడే నీరటి. కట్టకు దగ్గరి పొలాలకు నీళ్ళు తేలిగ్గా అందుతాయి, ఆయకట్టు చివరన ఉన్నవాటికి అందవు. ఊళ్ళో మాట చెల్లే ఆసామి ముందు తనకు వదలమంటాడు. చివరి పొలం సొంత మేనత్తది. ఇప్పుడు మంచితనానికి పోయి ఎక్కువ వదిలితే యాసంగికి చెరువులో నీళ్ళుండవు. ఎవరి నారు ఎండినా మర్నాడు వాళ్ళు కట్ట మీదికి వచ్చి అడుగుతారు. ఆ వచ్చే మనుషుల ముఖాలు కూడా వేసి తెచ్చింది.

నేను కాగితాలు తిరగేసి, "తూము తీయడం, మూయడం ఆట ఎలా అవుతుంది? ఇలాంటిది టాప్ చార్టులో ఒక్కటి చూపించు, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

చూపించలేకపోయింది. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది?

ఆ రోజు నా మాటలోని అన్యాయం నాకు తట్టలేదు. కొత్తదనం లేదని ఏడ్చే నోటితోనే, కొత్తది ఎదురుగా వస్తే దానికి పాత సాక్ష్యం తెమ్మని అడిగాను. ఆటలు చేసే చోట కొత్త ఆలోచన చచ్చేది ఎక్కువగా ఇలాంటి గదుల్లోనే, ఇలాంటి ప్రశ్నకే. అడిగేవాడు దాన్ని వ్యాపార జ్ఞానం అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఏడాది తిరక్కుండా ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలోకి మారిపోయింది.

నా నమ్మకం కదలడానికి కొన్నేళ్ళు పట్టింది. మొదటి దెబ్బ పేపర్స్ ప్లీజ్. లూకాస్ పోప్ చేసిన ఈ ఆట 2013లోనే వచ్చింది, నేను చాలా ఆలస్యంగా ఆడాను. ఇందులో మనం ఒక కల్పిత దేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే చిన్న ఉద్యోగులం. క్యూలో మనుషులు వస్తారు. కాగితాల్లో తేదీ, ఫోటో, ముద్ర సరిపోయాయో లేదో చూసి లోపలికి పంపాలి, లేదా వెనక్కి పంపాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. ఆ జీతంతోనే ఇంట్లో తిండి, చలికి వెచ్చదనం, మందులు. ఒకచోట భర్త కాగితాలు సరిగ్గా ఉండి దాటిపోతాడు. వెనకే వచ్చిన భార్య దగ్గర ప్రవేశ పత్రం ఉండదు. ముద్ర చేతిలో పట్టుకుని నేను చాలాసేపు కదలలేదు. ఆడుతున్నది ముద్ర వేయడం, అంతే. తూము తీయడం, మూయడం లాంటిదే. ఆ అమ్మాయి కాగితాలు నా బల్ల మీద ఉన్నప్పటికే ఇలాంటి ఆట ఒకటి ప్రపంచంలో ఉంది. నేను వెతికింది టాప్ చార్టులో మాత్రమే.

రెండో దెబ్బ త్రీస్. మేం మిఠాయిలు పూసిన 2048కు మూలం వెతుక్కుంటూ పోతే చివరికి ఈ ఆట దగ్గర తేలుతుంది. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్ దాన్ని 2014 ఫిబ్రవరిలో విడుదల చేశారు. నకళ్ళు ముంచెత్తాక, ఆ ఆట చేస్తున్న 14 నెలల్లో తాము రాసుకున్న ఈమెయిళ్ళను బయటపెట్టారు. నేను వాటిని వచ్చినప్పుడు చదవలేదు, సిగ్గుపడాల్సిన సమయం దాటిపోయాక చదివాను. గళ్ళలో అంకెలు ఉండాలా, జంతువులు ఉండాలా, ఇంకేమైనానా అని నెలలు తిప్పలు పడ్డారు. పెట్టి చూసి తీసేసినవే ఎక్కువ. చివరికి మిగిలింది చూస్తే ఇంతేనా అనిపించేంత తేలిక. ఒకటీ రెండూ కలిస్తే మూడు, ఆపైన సమానమైనవే కలుస్తాయి. జరిపినప్పుడు ప్రతి పలకా ఒక్క గడే కదులుతుంది. కొత్త పలక మనం తోసిన దిక్కుకు ఎదురు వైపు నుంచే వస్తుంది, అది ఏదో ముందే కొంత తెలుస్తుంది. అంటే ముందుచూపుతో ఆడినవాడికి ఫలితం ఉంటుంది. 2048లో పలకలు గోడ దాకా జారిపోతాయి, కొత్తది ఖాళీ ఉన్న ఏ గడిలోనైనా పడుతుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో, దానివల్ల ఆడేవాడి ఆలోచన ఎలా మారుతుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. డిజైనర్ అనే పేరు పెట్టుకుని, చేతిలో ఉన్న ఆటలోని నియమాలను చదవకుండానే దానికి అరిసెలు అతికించాను. నకలు చేయడంలో అసలు నష్టం ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. నియమం వెనక కారణం తెలుసుకునే అవసరమే నకలు చేసేవాడికి రాదు, అందుకే ఏళ్ళు గడిచినా అతనికి పని రాదు.

ఇక మా చిన్నప్పటి స్వర్ణయుగం. ఆ రోజుల్లో ఆటలన్నీ కొత్తవే అని వాదించేవాణ్ణి. మారియో, కాంట్రా ఆడి పెరిగినవాళ్ళందరికీ ఈ మమకారం ఉంటుంది. కానీ మా ఇంటి టీవీకి తగిలించిన ఆ ఆటల పెట్టె, 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు నకలు. 9999 ఆటలని రాసి ఉన్న కేసెట్‌లో తిప్పితిప్పి అవే కొన్ని ఆటలు. అసలు ఈ ఆటలు పుట్టిన చోటా అంతే. 1972లో వచ్చిన అటారీ వారి పాంగ్, అప్పటికే మాగ్నవాక్స్ ఒడిస్సీలో ఉన్న టేబుల్ టెన్నిస్ ఆటకు చాలా దగ్గర. దావా వేస్తే అటారీ డబ్బు కట్టి రాజీపడింది. అదే అటారీ పదేళ్ళకు, పాక్‌మాన్‌ను పోలిన ఆట తెచ్చారని ఫిలిప్స్ మీద కోర్టుకెక్కి గెలిచింది. 1982లో అయిదారు వారాల్లో హడావిడిగా చేసిన ఈ.టీ. ఆట కేసెట్లు అమ్ముడుపోక, అటారీ మరుసటి ఏడాది న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిన సరుకులో చేరాయి. వాటిని తవ్వి తీసింది 2014 ఏప్రిల్‌లో, మా మిఠాయిల ఆట స్టోర్‌లోకి వెళ్ళిన కొద్ది వారాలకు. ఆ కాలంలో కూడా చెత్త ఇంతే ఉండేది. చెత్త మరుపున పడి, మంచివి మాత్రం జ్ఞాపకంలో నిలిచాయి.

అరువు తెచ్చుకోవడమే తప్పని నేను ఇప్పుడు అనడం లేదు. మన మాయాబజార్‌నే తీసుకోండి. శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదు, జనంలో, నాటకాల్లో ఉంది. 1936లోనే అది తెలుగు సినిమాగా వచ్చింది. 1957లో కె.వి.రెడ్డి మళ్ళీ తీస్తే దాన్ని నకలు అన్నవాళ్ళు లేరు. ఆటల్లో ఎరిక్ బరోన్ కథ నాకు అలాగే అనిపిస్తుంది. హార్వెస్ట్ మూన్ అనే వ్యవసాయపు ఆటలంటే ఆయనకు ప్రాణం. తర్వాత వచ్చినవి తనకు తృప్తినివ్వకపోతే, నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తనే చేసి 2016లో స్టార్‌డ్యూ వాలీ తెచ్చాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో దాచలేదు. ఎందుకు తీసుకుంటున్నాడో, ఏం లోటుందో అతనికి తెలుసు. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వీ తెయ్‌కారీ బాబా ఈజ్ యూ అనే ఆటలో, గోడల మధ్య పెట్టెలను తోసే పాత పజిల్ ఆటనే తీసుకున్నాడు. కాకపోతే ఆట నియమాలు కూడా మాటల పలకలుగా నేల మీదే పడి ఉంటాయి, వాటిని తోసి నియమాన్నే మార్చేయవచ్చు. గోడ ఆపుతుందనే వాక్యాన్ని విడగొడితే గోడలోంచి నడిచిపోతాం. మొదటిసారి అలా దాటినప్పుడు నాకు కలిగిన ఆనందం, చిన్నప్పుడు కాంట్రా ఇచ్చినదానికి ఏమాత్రం తక్కువ కాదు. 2024లో ఒకే మనిషి చేసిన బలాట్రో, అందరికీ తెలిసిన పేకముక్కలతో, పోకర్ హ్యాండ్‌లతో మొదలై ఎవరూ ఊహించని చోటికి తీసుకెళ్ళింది. ఆ ఒక్క ఏడాది స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోర్‌లో 18 వేలకు పైగా ఆటలు వచ్చాయి. అందులో నకళ్ళు కొల్లలు. మంచివాటిని వెతికి పట్టుకోవడం మునుపటికంటే కష్టం, అది ఒప్పుకుంటాను. కష్టపడి వెతకనివాడు లేవని మాత్రం చెప్పకూడదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేయడానికి చాలా వెనకాడాను. చేశాక నేను అన్న మాట తప్పని, ఆమె ఆట ఆటేనని, దాన్ని అప్పుడే చూడగలగాల్సిందని చెప్పాను. ఆమె వెంటనే కరిగిపోలేదు. "ఆ కాగితాలు ఇప్పుడు లెవ్వన్నా" అంది. మళ్ళీ తనే, తాత పోయాడని, ఊళ్ళో ఇప్పుడు బోర్లే ఎక్కువని, తూము దగ్గర జరిగిన తగవులు చెప్పడానికి వాళ్ళ నాన్న ఉన్నాడని అంది. ఆట ఆమెది. చేస్తానంటే నేను కోడ్ రాస్తాను, పేరు ఆమెదే ఉంటుంది, చేయనంటే నేను ఆ చెరువు ముట్టుకోను. ఈ మాట స్పష్టంగా చెప్పాను.

అప్పటి నుంచి అప్పుడప్పుడు రాత్రిళ్ళు మాట్లాడుకుంటున్నాం. పోయినసారి ఆమె ఒకటి అడిగింది: చివరి పొలం ఎండిపోతే ఆట ఓడినట్టేనా, లేక ముందుకు సాగుతుందా? సాగాలని నేనంటాను. ఓడావని అక్కడే తెర దించితే ఆడేవాడు మళ్ళీ మొదలుపెట్టి ఆ పొలానికి నీళ్ళు పెట్టుకుంటాడు, మేనత్తను మరిచిపోతాడు. ఆమె మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎండిన పొలం చూశాక నీరటికి కూడా నిద్ర పట్టదని, ఆట ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూపించకుండా మర్నాటికి దూకకూడదని ఆమె పట్టు. ఆ రాత్రిలో ఆడేవాడి చేతికి ఏం పని ఇవ్వాలో మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.